అప్‌డేట్: డంకన్ కెన్నర్ గురించి నా ప్రశ్నకు జవాబు దొరికింది

వందలమందిని బానిసలుగా పెట్టుకున్న అమెరికాలోని లూసియానా చెరకు తోట యజమాని డంకన్ కెన్నర్, అంతర్యుద్ధం చివర్లో బానిసత్వం రద్దు చేస్తామని చెప్పడానికి యూరప్ ఎందుకు వెళ్లాడని అడిగాను కదా. సమాధానాలు రాసిన అందరికీ థాంక్స్. మీరు చెప్పిన దారిలోనే చదివాను.

నేను అనుకున్నట్టు అది మనసు మారడం కాదు. కెన్నర్ అప్పటికి కాన్ఫెడరేట్ కాంగ్రెస్ సభ్యుడు, అంటే బానిసత్వం కోసం అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల చట్టసభలో ఉన్నాడు. 1862లోనే ఉత్తరాది సైన్యం ఆయన ఆష్‌లాండ్ తోటలోని ఇంటి మీదికి వస్తే తప్పించుకున్నాడు. 1865 మొదట్లో, ఓటమి కళ్లముందు కనిపిస్తుంటే, బ్రిటన్, ఫ్రాన్స్ తమని దేశంగా గుర్తిస్తే బానిసలను విడుదల చేస్తామనే రహస్య సందేశం పట్టుకుని, మారువేషంలో న్యూయార్క్ మీదుగా ఓడెక్కాడు. బ్రిటన్ ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో దక్షిణాది సేనాధిపతి లీ లొంగిపోయాడు. అంటే మనుషుల స్వేచ్ఛ అక్కడ బేరానికి పెట్టిన సరుకే. ఇది చదివాక చాలాసేపు బాధగా అనిపించింది.

యుద్ధం తర్వాత కెన్నర్ ఆస్తి తిరిగి సంపాదించుకున్నాడు, 1877లో లూసియానా చెరకు తోటల యజమానుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు, 1887లో పోయాడు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం అబే హాకిన్స్. కెన్నర్ దగ్గర బానిసగా ఉంటూ గుర్రప్పందేల్లో పేరు తెచ్చుకున్న జాకీ. స్వేచ్ఛ వచ్చాక 1866లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగాలో ట్రావర్స్ స్టేక్స్ అనే పందెం గెలిచాడు. ఇప్పుడు ఆయన గురించే చదువుతున్నాను.