కోడాక్రోమ్‌ను చంపింది డిజిటలేనా?

చీకటిగది:
కోడక్ వాళ్ల రంగు స్లైడు ఫిల్ము (ప్రొజెక్టర్‌లో పెట్టి చూసే బొమ్మల ఫిల్ము) కోడాక్రోమ్ మాటెత్తితే చాలు, "డిజిటల్ మింగేసింది" అంటారు. నేనొప్పుకోను. 2009 జూన్‌లో కోడక్ దీన్ని ఆపేస్తున్నామని చెప్పేనాటికి, వాళ్ల స్టిల్ ఫిల్ము అమ్మకాల్లో దీని వాటా ఒక శాతం కూడా లేదు. మిగతాదంతా కూడా ఫిల్మే కదా! అంటే ఫిల్ము వాడేవాళ్లే దీన్ని వదిలేశారు.

అసలు చిక్కు కడగడంలో ఉంది. మామూలు స్లైడు ఫిల్ములో రంగు పుట్టించే కప్లర్లనే రసాయనాలు ఎమల్షన్‌లోనే (ఫిల్ము మీది కాంతిని పట్టే పూతలోనే) ఉంటాయి. ఇందులో ఉండవు. ఒకరకంగా ఇది పొరలు పొరలుగా పేర్చిన బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము. రంగంతా ల్యాబులోనే ఎక్కాలి: బేస్ (పూత కింది ప్లాస్టిక్) వైపు నుంచి ఎర్ర లైటు కొట్టి సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), పైనుంచి నీలి లైటు కొట్టి పసుపు, చివర్న లైటు బదులు రసాయనంతోనే మిగిలిన పొరను ఫాగ్ చేసి (వెలుగు తగిలినట్టు చేసి) మెజెంటా (ముదురు గులాబీ). మూడింటికీ మూడు డెవలపర్లు (రంగు తేల్చే ద్రావణాలు). మామూలు స్లైడు ఫిల్ము కడిగే ఈ-6 పద్ధతిని ఇంట్లో చిన్న ట్యాంకులో కానిచ్చేయొచ్చు. కోడాక్రోమ్‌ను కడిగే ఈ కే-14 పద్ధతి ఇంట్లో అయ్యే పనేనా?

స్లైడుపెట్టె:
కడగడం ఇది వచ్చిన 1935లోనూ కష్టమే కదండీ? మరి 74 ఏళ్లు ఎలా బతికింది? రోల్స్ వస్తున్నంతకాలం మెషీన్లు తిరిగాయి. రోల్స్ తగ్గాక ల్యాబులు మూతపడి, చివరికి ప్రపంచం మొత్తానికీ కాన్సాస్‌లోని పార్సన్స్‌లో డ్వేన్స్ ఫోటో అనే ల్యాబు ఒక్కటే మిగిలింది. ఆ తగ్గించింది డిజిటల్ కాదా?

చీకటిగది:
డిజిటల్ కన్నా ముందే తగ్గాయి. 1990లో ఫ్యూజీ వాళ్ల స్లైడు ఫిల్ము వెల్వియా రాగానే ప్రకృతి ఫోటోలు తీసేవాళ్లు చాలామంది అటు దూకారు. దాన్ని ఏ ఈ-6 ల్యాబులో ఇచ్చినా కొన్ని గంటల్లో చేతికొచ్చేది. సరే, ఇది చెప్పండి: ఆపేసిన తన ఇంకో స్లైడు ఫిల్ము, ఈ-6లో కడిగే ఎక్టాక్రోమ్‌ను కోడక్ 2018లో మళ్లీ తెచ్చింది. హంతకుడు డిజిటలే అయితే అదెలా లేచొచ్చింది?

పాతరోలు:
మీ పంచాయితీ మధ్యలో నా గోడు. డ్వేన్స్ రోల్స్ తీసుకోవడం 2010 డిసెంబర్ 30తో ఆపేసింది. నాకు కడగని రోలొకటి ఆ తర్వాత దొరికింది. ఇక దాన్ని బ్లాక్ అండ్ వైట్‌గానే కడగాలి. కడిగించాను. బొమ్మలున్నాయి, రంగులు ఇక రావు.

కడిగిన పాత స్లైడ్లు మాత్రం చీకట్లో దాస్తే చెక్కుచెదరవు. ఒకదాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి, బొమ్మ అంచులు చెక్కినట్టు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ప్రొజెక్టర్‌లో ఎక్కువసేపు ఉంచకండి, ఆ వేడి వెలుగుకి ఎక్టాక్రోమ్ కన్నా ఇదే త్వరగా వెలిసిపోతుంది. స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే ఆప్షన్ కూడా దీనిమీద సరిగా పనిచేయదు. (నేను మూడు రాత్రుళ్లు చేత్తో చుక్కలు చెరిపాను.)

స్లైడుపెట్టె:
చీకటిగది గారూ, ఎక్టాక్రోమ్ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు. 2017లో కోడాక్రోమ్‌ను కూడా తేవాలంటే ఏం కావాలో చూస్తున్నామని కోడక్ వాళ్లే అన్నారు. ఎక్టాక్రోమ్ వచ్చింది, ఇది రాలేదు. కానీ రోజుకు వేల రోల్స్ పడేట్టుంటే ఆ మూడు డెవలపర్లూ కలపడానికి ఎవరో ఒకరు ముందుకొచ్చేవారనే నేనంటాను.