న్యూయార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్, నయాగరా: నలుగురు స్నేహితులకు కారు మేలా, రైలు మేలా?

ఓరుగల్లు_బాటసారి (ప్రశ్న):
అక్టోబరు మొదట్లో నలుగురం కలిసి తూర్పు తీరం చూద్దామనుకుంటున్నాం. న్యూయార్క్ నాలుగు రోజులు, ఫిలడెల్ఫియా ఒకరోజు, వాషింగ్టన్ రెండు రోజులు, మధ్యలో ఎక్కడో నయాగరా. ఇద్దరు హైదరాబాద్ నుంచి విజిటర్ వీసా మీద వస్తున్నారు, ఇద్దరు డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నారు. అందరికీ పాతికేళ్ల లోపే. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే కారు అద్దెకు తీసుకుని ఖర్చు పంచుకుంటే చవకని ఇద్దరి వాదన. కారే వద్దు, రైలు, బస్సు, సబ్‌వే చాలని మిగతా ఇద్దరిది. ఈ దారులు తెలిసినవాళ్లు లెక్కలతో సహా చెప్పండి.

హడ్సన్_తీరం:
మన్‌హట్టన్‌లోకి కారు తీసుకెళ్లకండి. ఒక్క రోజు లెక్క చూడండి. న్యూజెర్సీ వైపు నుంచి లింకన్ టన్నెల్‌లోగానీ హాలండ్ టన్నెల్‌లోగానీ దిగితే ఈజీపాస్ (కారులో పెట్టుకుంటే టోల్ దానంతటదే కట్టే పరికరం) ఉన్నా రద్దీ వేళల్లో టోల్ 15 డాలర్లు దాటుతుంది, లేకపోతే 20 పైనే. తిరిగి వచ్చేటప్పుడు టోల్ లేదు, అదొక్కటే ఊరట. దాని మీద 2025 జనవరి 5 నుంచి రద్దీ రుసుము ఉంది. 60వ వీధికి దక్షిణాన అడుగుపెట్టిన కారుకు రోజుకు ఒకసారి 9 డాలర్లు, ఈజీపాస్ లేకపోతే 13.50. టన్నెల్‌లోంచి వచ్చినవాళ్లకు కొంత తగ్గింపు ఇస్తారుగానీ అది ఈజీపాస్ ఉన్నవాళ్లకే. మామూలు రోజుల్లో పొద్దున 5 నుంచి రాత్రి 9 దాకా, శని ఆదివారాల్లో పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా ఈ రేటు. మిగతా వేళల్లో ఈజీపాస్‌తో 2.25.

ఆ తర్వాత పార్కింగ్. మన్‌హట్టన్ నడిబొడ్డున మిడ్‌టౌన్ గ్యారేజీలో రోజంతా పెడితే 40 నుంచి 70 డాలర్లు, పెద్ద ఎస్‌యూవీకి అదనం. వీధిలో పెడదామంటే, వీధి ఊడ్చే రోజుల్లో ఊడ్చే వైపు నిలపకూడదు. నిప్పార్పే నీటి గొట్టానికి (ఫైర్ హైడ్రంట్) అటూ ఇటూ 15 అడుగులు వదలాలి, అక్కడ హెచ్చరిక గీత కూడా ఉండదు. పైగా న్యూయార్క్ నగరంలో ఎర్ర లైటు దగ్గర కుడివైపు తిరగడం నిషేధం, బోర్డు ఉంటే తప్ప. డాలస్‌లో నడిపి అలవాటైనవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే.

వెరసి మన్‌హట్టన్‌లో కారుకు ఒక్క రోజుకు 65 నుంచి 100 డాలర్లు, అద్దె కాక. సబ్‌వే ఒక్కసారికి 3 డాలర్లు. ఒకే కార్డు లేదా ఒకే ఫోన్ ట్యాప్ చేస్తూ ఉంటే ఏడు రోజుల్లో 35 డాలర్లు దాటాక మిగతా ప్రయాణాలు ఉచితం. ఒకరి కార్డుతో నలుగురినీ లోపలికి పంపితే ఆ లెక్క కుదరదు, తలో కార్డు వాడాలి. ఫోన్‌తో ఒకసారి, అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డుతో ఒకసారి ట్యాప్ చేసినా రెండు వేర్వేరు ఖాతాలుగా చూస్తుంది.

ఎడిసన్_బండి:
మన్‌హట్టన్‌లో కారు తిప్పమని ఎవరూ అనడం లేదండీ. న్యూజెర్సీలో దిగి, కారు స్టేషన్ దగ్గర పెట్టి, రైల్లో ఊళ్లోకి వెళ్లడం ఇక్కడివాళ్లందరూ చేసే పనే. ట్రెంటన్ దగ్గర హామిల్టన్ స్టేషన్ హైవేని ఆనుకునే ఉంటుంది, పార్కింగ్ పెద్దది. మెట్రోపార్క్ ఇంకా దగ్గర, మన్‌హట్టన్‌లోని పెన్ స్టేషన్‌కు ముప్పావు గంట.

అసలు లెక్క ఊరికీ ఊరికీ మధ్య చూడాలి. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ 225 మైళ్లు. ఊళ్ల మధ్య నడిచే ఆమ్‌ట్రాక్ రైలు టికెట్ ముందే కొంటే 40, 60కి దొరకొచ్చు, రెండు రోజుల ముందు కొంటే వంద దాటడం మామూలే. నలుగురికి ఒకవైపే 400. అదే కారులో పెట్రోలు, టోళ్లు కలిపినా వంద దాటదు. నలుగురి పెట్టెలూ డిక్కీలో ఉంటాయి. దారిలో రాబిన్స్‌విల్ అక్షర్‌ధామ్ చూడొచ్చు, ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో భోజనం చేయొచ్చు, బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లొచ్చు. వీటిలో చాలావరకు రైలు దిగి నడిచేంత దూరంలో ఉండవు. వాషింగ్టన్ పక్కన షాంటిలీలో ఉన్న విమానాల మ్యూజియంలో డిస్కవరీ స్పేస్ షటిల్‌నే చూడొచ్చు. అక్కడికి మెట్రో ఒక్కటే సరిపోదు, దిగాక బస్సు ఎక్కాలి.

రైలు సమయానికి వస్తుందన్న నమ్మకం కూడా ఎక్కువ పెట్టుకోవద్దు. హడ్సన్ కింద సొరంగాలు 1910 నాటివి, 2012లో శాండీ తుపాను ఉప్పునీరు చేరి దెబ్బతిన్నాయి. ఒక గొట్టంలో బండి ఆగితే రెండు వైపులా రైళ్లన్నీ ఆలస్యమే.

పట్టాల_పిచ్చి:
ఎడిసన్_బండి గారూ, నలుగురికి 400 అన్నది చివరి నిమిషం రేటు. అక్టోబరు ప్రయాణానికి ఆగస్టులో కొనేవాళ్లు అంత ఎందుకు కడతారు? ఆమ్‌ట్రాక్ ధర విమానం టికెట్‌లా గంట గంటకూ మారుతుంది. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం సాయంత్రం బండ్లు వదిలి, మంగళ, బుధవారాల్లో తెల్లవారు బండి లేదా రాత్రి చివరి బండి చూడండి. ఆమ్‌ట్రాక్ వేగపు బండి అసెలా వద్దు. అది వాషింగ్టన్‌కు 2 గంటల 50 నిమిషాల్లో చేరుస్తుంది, మామూలు బండి నార్త్ ఈస్ట్ రీజినల్ ఇంకో అరగంట ఎక్కువ తీసుకుంటుంది. ఆ అరగంటకు రెట్టింపు కట్టడం దండగ.

ఫిలడెల్ఫియాకు ఇంకా చవక దారి ఉంది. పెన్ స్టేషన్ నుంచి న్యూజెర్సీ లోకల్ రైలు ఎన్‌జే ట్రాన్సిట్‌లో ట్రెంటన్, అక్కడ దిగి ఫిలడెల్ఫియా లోకల్ రైలు సెప్టా బండిలో ఫిలడెల్ఫియా. రెండు టికెట్లూ కలిపి మనిషికి 30 డాలర్లు అటూ ఇటూ, ఏ రోజు కొన్నా అదే ధర. రెండున్నర గంటలు, ఒక్కోసారి మూడు పడుతుంది. సెప్టా బండి గంటకొకటి ఉండే వేళలుంటాయి, కాబట్టి దాని టైము చూసి మొదటి బండి ఎంచుకోవాలి. వెనక నుంచి లెక్క కట్టకపోతే ట్రెంటన్ ప్లాట్‌ఫారం మీద ముప్పావు గంట నిలబడాల్సి వస్తుంది.

బస్సు అన్నిటికన్నా చవక. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ నాలుగున్నర గంటలని రాస్తారు, శుక్రవారం సాయంత్రం ఆరు దాటుతుంది. ఒకే కంపెనీ బస్సు ఒక రోజు బస్ స్టేషన్ నుంచి, ఇంకో రోజు రోడ్డు పక్క నుంచి బయలుదేరుతుంది. టికెట్ మీద రాసిన వీధి చూసుకోండి, ఊరి పేరు చూసి వెళ్లకండి.

సామాను సంగతి. ఆమ్‌ట్రాక్‌లో మనిషికి 50 పౌండ్ల లోపు రెండు పెట్టెలు, ఇంకా చేతి సంచి ఊరికే తీసుకెళ్లొచ్చు. కానీ ఎత్తి పైన పెట్టాల్సింది మీరే. హైదరాబాద్ నుంచి తెచ్చిన 23 కిలోల పెట్టెలతో పెన్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ బండ్లకు వేచి ఉండే మొయినిహాన్ హాల్‌లో నిలబడితే ప్లాట్‌ఫారం నంబరు బయలుదేరడానికి పది, పదిహేను నిమిషాల ముందే బోర్డు మీద పడుతుంది. అప్పుడు జనమంతా ఒకే ఎస్కలేటర్ వైపు కదులుతారు. పెద్ద పెట్టెలు తెలిసినవాళ్ల ఇంట్లో వదిలి, తలో చిన్న పెట్టెతో రావడమే దారి.

బీమా_బుర్ర:
ఇప్పటిదాకా ఎవరూ వయసు, బీమా సంగతి ఎత్తలేదు. మీ అందరికీ పాతికేళ్ల లోపేనన్నారు, అది ముఖ్యం. 25 నిండని ప్రతి డ్రైవరుకూ రోజుకు అదనపు రుసుము వేస్తారు. ఇద్దరి పేర్లు పెడితే ఇద్దరికీ. వెబ్‌సైట్లో మొదట కనిపించే రేటులో అది చాలాసార్లు ఉండదు, వయసు సరిగ్గా నింపితేనే బయటపడుతుంది. పేరు లేని స్నేహితుడు కాసేపు నడిపినప్పుడు ప్రమాదం జరిగితే కొన్న బీమా ఏదీ పనిచేయకపోవచ్చు.

బీమా రెండు రకాలు. అద్దె కారుకు తగిలిన దెబ్బకు ఒకటి, ఎదుటి మనిషికి, ఎదుటి బండికి జరిగిన నష్టానికి ఇంకొకటి. కొన్ని అమెరికా క్రెడిట్ కార్డులు మొదటిది ఇస్తాయి, అదీ అద్దె మొత్తం ఆ కార్డు మీదే కట్టి, కౌంటర్ దగ్గర కంపెనీ రక్షణ వద్దంటేనే. రెండోది ఏ కార్డూ ఇవ్వదు. అమెరికాలో సొంత కారు బీమా లేనివాళ్లు రెండోది కొనకుండా రోడ్డెక్కకూడదు. ఇక్కడ ఆసుపత్రి బిల్లు ఎంత దూరం వెళ్తుందో అందరికీ తెలుసు. అది కలిపాక కూడా కారు చవకేనా అని చూడండి.

ఇండియా లైసెన్సు ఉన్నవాళ్లు ఆర్టీఓ ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ తీసుకురావాలి, ఏడాది చెల్లుతుంది. అది ఒక్కటీ చాలదు, అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి.

టోళ్ల విషయంలో జాగ్రత్త. ఈ దారుల్లో నగదు తీసుకునే గేట్లు దాదాపు పోయాయి. ఏమీ చేయకుండా దాటితే నంబరు ప్లేటు ఫోటో తీసి అద్దె కంపెనీకి బిల్లు పంపుతారు, కంపెనీ టోల్‌తో పాటు తన రోజువారీ రుసుము కలిపి మీ కార్డు మీద వేస్తుంది. కొన్ని కంపెనీలు టోల్ దాటిన రోజులకే వేస్తాయి, కొన్ని అద్దె రోజులన్నిటికీ. స్నేహితుల ఈజీపాస్ తీసుకుని ఆ ఖాతాలో అద్దె కారు నంబరు చేర్చి, కారు తిరిగిచ్చిన గంటలోనే తీసేయాలి. తీయకపోతే తర్వాత అద్దెకు తీసుకున్నవాళ్ల టోళ్లూ ఆ ఖాతాలోనే పడతాయి.

పోటోమాక్_పక్క:
వాషింగ్టన్‌కు కారు అక్కర్లేదు. పార్లమెంటు భవనం కాపిటల్ నుంచి లింకన్ మెమోరియల్ దాకా రెండు మైళ్లు, చూడాల్సినవి అధిక భాగం ఆ గీత మీదే ఉన్నాయి, స్మిత్‌సోనియన్ మ్యూజియంలన్నీ ఉచితం. మెట్రోలో ఇప్పుడు మామూలు బ్యాంకు కార్డు ట్యాప్ చేసి వెళ్లొచ్చు. లోపలి వీధుల్లో వేగ పరిమితి 20 మైళ్లే, కెమెరాలు చాలా ఎక్కువ. పరిమితి కన్నా 11 మైళ్లు ఎక్కువైతే జరిమానా వంద డాలర్లు. అద్దె కంపెనీ తన రుసుము దానికి వేరేగా కలుపుతుంది. పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో నిలపకూడని వీధులుంటాయి, అక్కడి నుంచి బండి లాక్కెళ్తారు.

కారు, రైలు తేలకముందే చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. వాషింగ్టన్ మాన్యుమెంట్ పైకి టికెట్లు సరిగ్గా 30 రోజుల ముందు పొద్దున 10కి తెరుస్తారు, ఒక్కో టికెట్‌కు ఒక డాలరు. నిమిషాల్లో అయిపోతాయి. దొరక్కపోతే ముందురోజు మధ్యాహ్నం 3కి ఇంకొన్ని వదులుతారు. ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియానికి ఉచితమే కానీ వేళ రాసిన పాస్ కావాలి. ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్‌కీ అక్టోబరులో టికెట్ తప్పనిసరి, పక్కనే ఉన్న లిబర్టీ బెల్‌కు అక్కర్లేదు. ఈ వేళలు ముందు పట్టుకుని వాటి చుట్టూ రైళ్లు అల్లుకోండి.

ఎడిసన్_బండి:
వాషింగ్టన్ మెట్రో స్టేషన్లలో శని ఆదివారాలు పార్కింగ్ ఉచితం. వియన్నాలోనో గ్రీన్‌బెల్ట్‌లోనో కారు వదిలి ఊళ్లోకి వెళ్తే పోటోమాక్_పక్క గారు చెప్పిన కెమెరాలు, జరిమానాలు ఏవీ తగలవు. హోటల్ కూడా శివార్లలో సగం ధరకు దొరుకుతుంది. బీమా మాట మాత్రం ఒప్పుకుంటాను, అది కొనాల్సిందే.

జర్నల్_స్క్వేర్:
బస గురించి ఎవరూ ఎత్తలేదు. 2023 సెప్టెంబరు నుంచి న్యూయార్క్ నగరంలో 30 రోజుల లోపు ఇల్లు అద్దెకివ్వాలంటే యజమాని అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. నలుగురికి మొత్తం ఫ్లాట్ చవకగా కనిపిస్తే అది చట్టం దాటినదే, చివరి నిమిషంలో రద్దయితే రోడ్డున పడతారు. హోటల్‌లో రెండు పెద్ద మంచాల గది తీసుకోండి. ధర మీద 14.75 శాతం పన్ను, రోజుకు 3.50 డాలర్లు, కొన్నిచోట్ల హోటల్ వాళ్ల సొంత రుసుము కూడా కలుస్తాయి. మొదటి పేజీలో రేటు కాక చివరి పేజీలో మొత్తం చూడండి.

జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర బస చేస్తే, న్యూజెర్సీ నుంచి మన్‌హట్టన్‌కు వెళ్లే పాత్ రైలు 24 గంటలూ నడుస్తుంది, వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు పావుగంట లోపే. స్టేషన్ పక్క న్యూవార్క్ అవెన్యూలో దోశ, బిర్యానీ రాత్రి పొద్దుపోయాకా దొరుకుతాయి. పాత్‌కు కట్టింది సబ్‌వేలో చెల్లదు, రెండింటికీ వేరువేరుగా కట్టాలి. రోజుకు మనిషికి ఆరేడు డాలర్లు అదనం పడుతుంది. అయినా నలుగురికీ కలిపి హడ్సన్_తీరం గారు చెప్పిన కారు ఖర్చులో సగం కూడా కాదు.

ఇంకో మాట. కారుంటే నలుగురూ ఎప్పుడూ ఒకేచోట ఉండాల్సిందే. సబ్‌వేలో ఇద్దరు మెట్రోపాలిటన్ మ్యూజియానికి, ఇద్దరు బ్రూక్లిన్ బ్రిడ్జికి వెళ్లి సాయంత్రం స్టేటన్ ఐలాండ్ ఫెర్రీ దగ్గర కలవొచ్చు. ఆ ఫెర్రీ ఉచితం, పాతిక నిమిషాలు, స్వేచ్ఛా ప్రతిమ (స్టాట్యూ ఆఫ్ లిబర్టీ) పక్కగా వెళ్తుంది. బ్యాటరీ పార్కు బయట దానికి టికెట్ అమ్ముతామనేవాళ్లను పట్టించుకోకండి. ప్రతిమ ఉన్న దీవి మీద దిగాలంటే మాత్రం అనుమతి ఉన్న పడవ కంపెనీ ఒక్కటే ఉంది.

ఓరుగల్లు_బాటసారి:
చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఊళ్లకు రైలేనని మాలో ముగ్గురు ఒప్పుకున్నారు. నయాగరాకు మాత్రం కారు తప్పేలా లేదు. ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ ఇవ్వాలి?

హడ్సన్_తీరం:
నయాగరాకు కారే సరైనది. రైలు తొమ్మిది గంటలు పైనే, రోజుకు బండ్లు కూడా తక్కువ. కారులో 400 మైళ్లు, ఆగకుండా వెళ్తే ఏడు గంటలు. న్యూయార్క్ రోజులు అయ్యాక, ఫిలడెల్ఫియాకు ముందు ఈ భాగం పెట్టుకోండి.

కారు న్యూవార్క్ విమానాశ్రయంలో తీసుకుని అక్కడే ఇవ్వండి. విమానాశ్రయం పన్నులు కొంత ఎక్కువే, కానీ ఊళ్లో శాఖలు చాలావరకు ఆదివారం మూసి ఉంటాయి, సాయంత్రం ఆరుకే తాళం పడుతుంది. వేరే ఊళ్లో ఇస్తే ఒకవైపు రుసుము వందల్లోకి వెళ్లొచ్చు. న్యూవార్క్‌లో అయితే హడ్సన్ దాటే పనే లేదు, కాబట్టి టన్నెల్ టోల్ లేదు, రద్దీ రుసుమూ లేదు. ఐ-80 మీద డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర పెన్సిల్వేనియాలోకి వెళ్లేటప్పుడు ఒక చిన్న టోల్, బఫెలో దగ్గర ఐ-90 మీద, గ్రాండ్ ఐలాండ్ వంతెనల మీద ఇంకొంత, అంతే.

స్క్రాంటన్, బింగమ్‌టన్ మీదుగా వెళ్తూ వాట్కిన్స్ గ్లెన్‌లో రెండు గంటలు ఆగండి. ఇరుకు లోయలో 19 జలపాతాల పక్కన మెట్ల దారి ఉంది, మెట్లు ఎనిమిది వందల పైనే, ఎప్పుడూ తడిగా ఉంటాయి, పట్టున్న బూట్లు కావాలి. చలికాలంలో మూసేస్తారు, అక్టోబరు మొదట్లో తెరిచే ఉంటుంది. నయాగరా జలపాతం దగ్గరికి తీసుకెళ్లే మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ నవంబరు మొదటి రోజుల దాకా నడుస్తుంది. రాత్రి జలపాతం మీద వేసే రంగు దీపాలు అమెరికా వైపు నుంచీ కనిపిస్తాయి. కెనడా వీసా లేకుండా ఆ దేశంలోకి వెళ్లే రెయిన్‌బో బ్రిడ్జి ఎక్కొద్దు.

రెండో రోజు సాయంత్రమే తిరిగి బయలుదేరితే అర్ధరాత్రి పెన్సిల్వేనియా కొండల్లో జింకలు అడ్డొచ్చే కాలం అది. రాత్రి అక్కడే పడుకుని తెల్లారి బయలుదేరండి. అద్దె 24 గంటల లెక్క, పొద్దున 8కి తీసుకుంటే మూడో రోజు మధ్యాహ్నం ఇచ్చినప్పుడు మూడు రోజుల డబ్బు పడుతుంది. అందుకే మధ్యాహ్నం 3 ప్రాంతంలో తీసుకుని మొదటి రాత్రి స్క్రాంటన్‌లోనో బింగమ్‌టన్‌లోనో దిగితే, వాట్కిన్స్ గ్లెన్ మర్నాటి పొద్దున చూడొచ్చు, అదే మూడు రోజుల్లో తొందర లేకుండా అవుతుంది.

కారు ఇచ్చాక మళ్లీ న్యూయార్క్ వెళ్లక్కర్లేదు. ఎయిర్‌ట్రెయిన్ ఎక్కితే విమానాశ్రయం రైలు స్టేషన్, పనులు జరిగే వేళల్లో దాని బదులు బస్సు నడుపుతారు. అక్కడ ఆగే నార్త్ ఈస్ట్ రీజినల్ బండ్లు కొన్నే, టికెట్ కొనేటప్పుడు ఎక్కే చోటు న్యూవార్క్ పెన్ స్టేషన్ కాకుండా న్యూవార్క్ విమానాశ్రయం అని ఎంచుకోండి. కారు ఇచ్చే వేళకూ బండికీ మధ్య కనీసం రెండు గంటలు వదలండి, ఐ-80 మీద సాయంత్రం రద్దీ మూడింటికే మొదలవుతుంది.