చిటికె తర్వాత ఎవరు మాయమయ్యారో చెవికి ఎలా తెలియాలి?

కదిరి_పిల్ల (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రేడియో నాటకాలు, సౌండ్ పని తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను. ప్రశ్న చిన్నదే, కానీ దాని వెనక సంగతి చెబితే గానీ అర్థం కాదు.

మేం ఏడుగురం. అందరం బెంగళూరులోనే, కగ్గదాసపుర, మారతహళ్లి చుట్టుపక్కల ఉంటాం. ఎనిమిది నెలలుగా సెలవు రోజుల్లో ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ అనే సూపర్‌హీరోల సినిమాని తెలుగులో శ్రవ్య నాటకంగా చేస్తున్నాం. డబ్బింగ్ డైలాగులు తీసుకోలేదు. ప్రతి సీనూ మా మాటల్లో మళ్లీ రాసుకున్నాం. రాకెట్ అనే మాట్లాడే జంతువు పాత్రకి గొంతు ఇచ్చే అబ్బాయిది ధర్మవరం. వాడికి కోపం వస్తే అనంతపురం యాసే వస్తుంది. ఆ యాసలో రాకెట్ ఎంత బాగా కుదిరాడో వింటేనే తెలుస్తుంది.

మా ఎడిటర్‌కి పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంకులో ఉద్యోగం చేస్తాడు. స్క్రీన్ రీడర్ సాయంతో రీపర్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిటింగ్ చేస్తాడు, మా అందరికంటే వేగంగా. 2018లో ఆ సినిమా వచ్చినప్పుడు సెలవుకి ఊరెళ్లి, నలుగురం కలిసి తెలుగు వెర్షన్‌కి వెళ్లాం. విలన్ థానోస్‌కి నటుడు రానా గొంతు. సినిమా మొత్తం అతను హాయిగా విన్నాడు. చివర్లో థానోస్ చిటికె వేశాడు, ఆ చిటికెతో లోకంలో సగం ప్రాణులు మాయమవుతాయి. హాలంతా నిశ్శబ్దమైపోయింది. తెర మీద ఒక్కొక్కరూ బూడిదై గాల్లో కలిసిపోతున్నారు. అతను నా మోచెయ్యి పట్టుకుని ‘ఏమవుతోంది?’ అని అడిగాడు. నాకు ఏడుపొచ్చేస్తోంది, నోరు పెగల్లేదు. ‘తర్వాత చెప్తా’ అన్నాను. ఇంటికొచ్చాక చెప్పాను, కానీ అప్పటికి ఆ క్షణం దాటిపోయింది. ఈ నాటకం నేను అతనికి పడ్డ బాకీ.

ఇప్పుడు సరిగ్గా ఆ సీన్ దగ్గరే ఆగిపోయాం. కథలోని వకాండా దేశపు అడవిలో బకీ, టీచాలా, గ్రూట్, వాండా, సామ్ అనే ఐదుగురు హీరోలు వరసగా మాయమవుతారు. మొదటిసారి కలిపి వినిపిస్తే మా ఎడిటర్ హెడ్‌ఫోన్స్ తీసేసి, ‘కథ తెలియనివాడిలా విన్నాను. బకీ ఎక్కడికి వెళ్లాడు? పక్క గదిలోకి వెళ్లినట్టుంది’ అన్నాడు.

వ్యాఖ్యాత చేత చెప్పించాం: క్రికెట్ కామెంటరీలా వచ్చింది. నెట్‌లో దొరికిన ‘హుష్’ అనే ఎఫెక్ట్ వేశాం: మాల్‌లో అద్దాల తలుపు తెరుచుకున్నట్టుంది. పోనీ అని అందరి చేతా ‘నాకేదో అవుతోంది’ అనిపిస్తే, ఐదుగురు మాయమైనా ఒక్కడే ఐదుసార్లు పోయినట్టు వినిపించింది.

ఒక్కచోట మాత్రం కుదిరింది. సామ్ పొదల మధ్య పడి ఎవరూ చూడకుండానే పోతాడు. తోటివాడు రోడీ అతన్ని వెతుక్కుంటూ పిలుస్తాడు. మా రికార్డింగ్‌లో రోడీ మూడోసారి పిలిచి ఆగాడు. ఎడిటర్ వెంటనే ‘సామ్ పోయాడు’ అన్నాడు. అది ఎందుకు పని చేసిందో లీలగా తెలుస్తోంది, మిగతా నలుగురికీ ఎలా వాడాలో తెలియడం లేదు.

ఇంకో రెండు సందేహాలు. ఇది పూర్తయ్యాక యూట్యూబ్‌లో పెట్టవచ్చా? థానోస్‌కి రానా గొంతుని ఏఐతో తయారు చేద్దామని మాలో ఒకరు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

పాత_ట్రాన్సిస్టర్

అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. విజయవాడ ఆకాశవాణిలో కొన్నేళ్లు బి గ్రేడ్ నాటక కళాకారుణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర జేపీ నగర్‌లో ఉంటున్నాను.

రేడియోలో మాకు మొదట నేర్పింది ఇది: చప్పుడు చెయ్యనివాడు ఆ గదిలో లేనట్టే. నలుగురు కూర్చున్న సీన్‌లో ఒకడు రెండు నిమిషాలు మాట్లాడకపోతే వినేవాడు వాడిని మర్చిపోతాడు. అందుకే వాడి చేత దగ్గించేవాళ్లం, కుర్చీ జరిపించేవాళ్లం, కాఫీ గ్లాసు కింద పెట్టించేవాళ్లం. మీ బకీ విషయంలో జరిగింది అదే. అతను పోయే ముందే వినేవాడికి అక్కడ లేడు. లేనివాడు మళ్లీ ఎలా పోతాడు?

సామ్ సీన్ కుదరడానికి కారణం, అతని కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు. జవాబు రావాల్సిన చోట జవాబు రాలేదు. మిగతావాళ్లకి కూడా ఆ ‘రావాల్సినది’ ముందుగా ఏర్పాటు చెయ్యాలి. ఒక్కొక్కరికీ ఒక సొంత చప్పుడు ఇవ్వండి. బకీది లోహపు చెయ్యి కదా, అది కదిలినప్పుడల్లా చిన్న కిటుక్కు. గ్రూట్ చెట్టు కదా, కదిలితే కిర్రు. ఆ చప్పుళ్లు చిటికె దగ్గర మొదలుపెడితే లాభం లేదు. నాటకం మొదటి నుంచీ చెవికి అలవాటు చెయ్యండి. అప్పుడు సగం కిటుక్కు దగ్గర ఆపేస్తే చాలు.

సూపర్‌హీరోలని చెవికి చూపించడం కొత్త సంగతి కాదు. అమెరికాలో సూపర్‌మ్యాన్ రేడియో సీరియల్ 1940 ఫిబ్రవరిలో మొదలైంది. గొంతు బడ్ కాలియర్‌ది. మామూలు మనిషి వేషంలో, అంటే క్లార్క్ కెంట్‌గా పల్చగా మాట్లాడుతూ, ఒక వాక్యం మధ్యలోనే గొంతు కిందికి దించి సూపర్‌మ్యాన్ అయిపోయేవాడు. బట్టలు మార్చుకోవడం ఎవరికీ కనబడక్కర్లేదు. ఎగరడం ఎలా తెలిసేది? గాలి హోరు ఒకటి, కింద వీధిలో జనం పైకి చూసి అరవడం ఇంకొకటి. గమనించావా, ఎగిరేవాడిని కాదు, చూసేవాళ్లని వినిపించారు. నీ సీన్‌లోనూ పోయేవాళ్ల కంటే మిగిలినవాళ్ల మీద మైకు పెట్టు. బకీ పోతే అతని స్నేహితుడు స్టీవ్ ఊపిరి వినిపించాలి.

మా చిన్నప్పుడు రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. సినిమాని కుదించి మాటలూ పాటలూ వినిపించేవాళ్లు. మా అమ్మ హాలుకి వెళ్లి చూసిన సినిమాలు తక్కువ. విని కంఠతా పట్టినవి చాలా. కాబట్టి మీరు చేస్తున్నది మన ఇళ్లల్లో ఉన్న అలవాటే.

గదిలో_మైకు

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. నేను పని వైపు నుంచి నాలుగు మాటలు చెప్తాను. చిన్న స్టూడియోలో మిక్సింగ్ చేస్తుంటాను.

బూడిద శబ్దం కోసం నెట్‌లో వెతక్కండి. వంటింట్లోకి, గడప దగ్గరికి వెళ్లండి. ముగ్గుపిండి గుప్పెట్లోకి తీసుకుని, వేళ్ల సందుల్లోంచి మందపాటి కాగితం మీదికి వదలండి. మైకు జానెడు దూరంలో ఉండాలి, కానీ పిండి మైకు మీద పడకుండా పక్కకి తిప్పి పెట్టండి. చాలా సన్నటి రాలుడు వస్తుంది. బొంబాయి రవ్వతోనూ చెయ్యొచ్చు, అది కాస్త గరుకుగా ఉంటుంది. టీచాలాకి రవ్వ, వాండాకి ముగ్గుపిండి, గ్రూట్‌కి ఎండుటాకుల పొడి. ముగ్గురూ వేరుగా వినబడతారు. శబ్దం పెంచకండి. మనిషి మాట ఆగాక అర సెకను ఆగి మొదలవ్వాలి.

రెండోది నిశ్శబ్దం. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. ట్రాక్ మొత్తం సున్నా చేస్తే వినేవాడు ఫోన్ ఆగిపోయిందనుకుని స్క్రీన్ తాకుతాడు. చిటికెకి ముందు యుద్ధం, అరుపులు, గాలి, ఆకులు, పురుగులు అన్నీ ఉంటాయి కదా. చిటికె తర్వాత ఒక్కొక్క మనిషితో పాటు ఒక్కొక్క పొర తీసెయ్యండి. చివరికి గాలి ఒక్కటే మిగలాలి. రికార్డ్ చేసిన గదిలో ఎవరూ కదలకుండా ముప్పై సెకన్లు ఖాళీ గది శబ్దం కూడా పట్టుకోండి. అతుకులు కనబడకుండా ఉండటానికి అది కావాలి.

గొంతులు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో పంపించుకోవద్దు. అది శబ్దాన్ని నొక్కేస్తుంది. వేవ్ ఫైలుని డాక్యుమెంట్‌గా పంపండి. కగ్గదాసపుర అంటే హెచ్ఏఎల్ విమానాశ్రయం పక్కనే. హెలికాప్టర్లు తిరిగే వేళ మానుకోండి, లేదా ఆ శబ్దాన్నే రికార్డ్ చేసి దాచుకోండి. యుద్ధం సీన్లకి అంతకంటే మంచిది దొరకదు.

వంత_పాట

ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. వ్యాఖ్యాత చెబితే కామెంటరీ అవుతుందని వ్యాఖ్యాతనే తీసెయ్యకండి. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా వంతలు ఉంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు యుద్ధం చెబుతుంటే వాళ్లు మధ్యలో అడ్డం వస్తారు, భయపడతారు, ‘ఆ తర్వాత?’ అని అడుగుతారు. అందుకే అది కామెంటరీలా ఉండదు, ఊరంతా కూర్చుని చూస్తున్నట్టుంటుంది. మీ వ్యాఖ్యాత ఒంటరిగా ఉన్నాడు. అతనికి ఒక వంత ఇవ్వండి. చిటికె పడ్డాక ఆ వంత ‘ఆ తర్వాత?’ అని అడగాలి, కథకుడు జవాబు చెప్పకూడదు. అంతే.

నల్లకోటు

యూట్యూబ్ సంగతి చెప్తాను. న్యాయవాదిని. ఇది నా అభిప్రాయం. పెద్ద నిర్ణయం తీసుకునే ముందు కాపీరైట్ కేసులు చూసే లాయర్‌ని కలవండి.

‘డబ్బు తీసుకోవడం లేదు, ఉచితంగా పెడుతున్నాం’ అనేది మన చట్టంలో దానంతట అదే రక్షణ కాదు. కథ, పాత్రలు, స్క్రిప్టు వాళ్లవి. మాటలు మీరు తిరగరాసినా అది అనుసరణే. అందరికీ తెరిచి పెట్టాలంటే అనుమతి కావాలి. సినిమాలోని నేపథ్య సంగీతం మాత్రం ఒక్క సెకను కూడా వాడకండి. దాని హక్కు వేరు, వెబ్‌సైట్లు ముందు పట్టుకునేది దాన్నే.

అయితే మీకు పనికొచ్చేవి రెండు ఉన్నాయి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో 2012 సవరణతో (జెడ్‌బీ) అనే క్లాజు చేరింది. వైకల్యం ఉన్నవాళ్లు ఒక కృతిని అందుకోవడానికి వీలైన రూపంలోకి మార్చి, లాభం లేకుండా వాళ్లతో పంచుకోవడానికి అది వీలిస్తుంది. చూపు లేనివాళ్ల కోసం చేసిన శబ్ద రూపం దాని స్ఫూర్తికి దగ్గరే. కానీ పూర్తిగా తిరగరాసిన నాటకం దాని కిందికి వస్తుందా అన్నది వాదించాల్సిన విషయం. అందరికీ తెరిచి పెడితే మాత్రం ఆ రక్షణ నిలవదు. అదే సెక్షన్‌లో (ఎల్) క్లాజు ఉంది: ఔత్సాహిక క్లబ్బు టికెట్ లేని ప్రేక్షకుల ముందు నాటకం ప్రదర్శిస్తే హక్కుల ఉల్లంఘన కాదు. ఒక గదిలో కూర్చోబెట్టి, మీరంతా మైకుల ముందు నిలబడి నేరుగా ఆడితే దానికి దగ్గరగా ఉంటుంది.

ఏఐ గొంతు వద్దు. 2023లో అనిల్ కపూర్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆయన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. నీ మనసొప్పకపోవడమే సరైనది.

కదిరి_పిల్ల

అందరికీ చేతులెత్తి నమస్కారం. రెండు ఆదివారాలు అయ్యాయి, ఏం చేశామో చెప్తాను.

పొద్దున ఐదింటికి, పాలవాళ్ల బండ్లు తిరగకముందే మొదలుపెట్టాం. బీరువా తలుపులు తెరిచి, మా అవ్వ కుట్టిన బొంతలు రెండు వాటి మీద వేసి, ఆ మధ్యలో మైకు పెట్టాం. బకీ చేతికి స్టీలు క్యారియర్ క్లిప్పు వాడాం. గ్రూట్‌కి పాత వెదురు బుట్ట, నెమ్మదిగా నొక్కితే కిర్రుమంటుంది. పాత_ట్రాన్సిస్టర్ మాస్టారు చెప్పినట్టు ఆ రెండు శబ్దాలనీ మొదటి సీన్ల నుంచీ కలుపుకుంటూ వచ్చాం. దానికే మొదటి ఆదివారం మొత్తం పట్టింది.

గ్రూట్ పోయే చోట మా ధర్మవరం అబ్బాయికి స్క్రిప్టులో పెద్ద డైలాగు ఉండేది. బుట్ట కిర్రుమని సగంలో ఆగింది. ముగ్గుపిండి రాలింది. వాడు డైలాగు మర్చిపోయి, ‘పోవాకురా... ఒరేయ్, పోవాకు’ అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. రెండో టేక్ తీసుకోలేదు.

వంత ఆలోచన మా అందరికీ నచ్చింది, కానీ మధ్యలో ఒక్క సీన్‌కే పెడితే అతకలేదు. మొదటి నుంచీ రాయాలి. ఇప్పటికి పక్కన పెట్టాం. యూట్యూబ్‌లో పెట్టడం లేదు. చూపు లేని స్నేహితులు పదిహేను మందిని పిలిచి, ఒక గదిలో నేరుగా ఆడదామని నిర్ణయించాం. థానోస్ గొంతు మాలో ఒకడిదే. రానాలా ఉండదు, వాడిలా ఉంటుంది.

కొత్త మిక్స్ ఎడిటర్‌కి ఇచ్చి నేను బాల్కనీలోకి వెళ్లిపోయాను. పక్కన కూర్చోలేకపోయాను. వచ్చేసరికి అతను హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని వేళ్లు మడుస్తున్నాడు. ‘బకీ. టీచాలా. గ్రూట్. సామ్.’ నాలుగు వేళ్లు మడిచి ఆగాడు. ‘వాండా ఎప్పుడు పోయింది?’ అన్నాడు.

నిజమే. వాండా తన ప్రియుడు విజన్ శవం పక్కన కూర్చుని ఉంటుంది. ఒక్క మాట మాట్లాడదు. చుట్టూ ఆమెని పిలిచేవాళ్లు కూడా లేరు. ముగ్గుపిండి ఒక్కటీ సరిపోలేదు. ఆమె ఏడుపుని ముందు నుంచే సన్నగా నడిపి ఆపేద్దామా అనుకుంటున్నాం, కానీ అప్పుడు ఏడుపు ఆగింది అనుకుంటారేమో అని భయం. మాస్టారూ, మీరు ఏం చేసేవారు?

ఇంకొకటి. టీచాలా సేనాని ఒకోయే గొంతుకి ఎవరూ కుదరలేదు. టీచాలా చెయ్యి చాపి లేవమంటూ ఉండగానే పోతాడు, ఆమె అలా చూస్తూ ఉండిపోతుంది. రెండే రెండు ఊపిర్లు కావాలి, కానీ అవి యోధురాలి ఊపిర్లు కావాలి. బెంగళూరులో ఉండి, ఆదివారం పొద్దున ఐదింటికి కగ్గదాసపుర రాగలిగే అక్కలు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి. కాఫీ మేమే పెడతాం.