బుల్లెట్ మస్టాంగ్ గిటారు బాడీ కోసి పాత మస్టాంగ్‌లా మార్చొచ్చా?

దేవునికడప: అన్నలకు నమస్తే. నా దగ్గర స్క్వైర్ (ఫెండర్ కంపెనీ వాళ్ల తక్కువ ధర బ్రాండ్) బుల్లెట్ మస్టాంగ్ ఎలక్ట్రిక్ గిటారు ఉంది. 24 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు), రెండు హంబకర్లు (జంట చుట్టల పికప్‌లు, అంటే తీగ కదలికను పట్టే భాగాలు), కదలని బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం). దీన్ని ఫెండర్ 1964లో తెచ్చిన మస్టాంగ్ మాదిరి చేయాలని ఉంది. అంటే వైబ్రేటో (తీగల శ్రుతిని ఊపే కడ్డీ ఏర్పాటు), ఏటవాలుగా సింగిల్ కాయిల్స్ (ఒకే చుట్ట పికప్‌లు), ఒక్కో పికప్‌కు ఒక స్లైడ్ స్విచ్. నెక్ (వేళ్లు పెట్టే పొడవాటి భాగం) ఇదే ఉంటుంది. కడపలో తలుపులకు డిజైన్లు చెక్కే సీఎన్‌సీ (కంప్యూటర్ మిషన్) షాపాయన టెంప్లేట్ (కోత నమూనా) తెస్తే కోసిస్తానన్నాడు. చేయించొచ్చా?

బురుజు_కర్నూలు: వద్దు నాయనా. బాగా పలికే గిటారును కోయొద్దు. వైబ్రేటో కావాలంటే అది ఉన్న గిటారే కొనుక్కో.

టవర్‌క్లాక్_అనంత: చేయించు తమ్ముడూ. ముందు బాడీ మందం కొలువు. మస్టాంగ్ వైబ్రేటో ప్లేటు కింద స్ప్రింగులు ఉంటాయి, వాటికి లోతైన గుంత కావాలి. చెక్క సన్నగా ఉంటే వెనక పల్చబడిపోతుంది, అప్పుడు ఆశ వదులుకో. పాత హంబకర్ గుంతలు పిక్‌గార్డ్ (బాడీ పైన బిగించే పలక) కింద దాగిపోతాయి. స్లైడ్ స్విచ్‌లకు మాత్రం పైభాగంలో కొత్త గుంత తీయాలి. వాల్యూమ్, టోన్ తిప్పే పాట్‌లు 500కే (కిలో ఓమ్‌లు) ఉంటే 250కే వేయించు, లేకపోతే సింగిల్ కాయిల్స్ చెవిలో గుచ్చుతాయి. మస్టాంగ్ బ్రిడ్జి ఇప్పుడున్న దానికంటే ఎత్తు. కాబట్టి నెక్ కింద పల్చని షిమ్ (ఎత్తు సర్దే ముక్క) పెట్టాల్సి వస్తుంది.

బురుజు_కర్నూలు: బ్రిడ్జి నిలబడే పోస్టుల రంధ్రం ఒక మిల్లీమీటరు పక్కకు పోతే? తలుపులు చెక్కే మనిషికి శ్రుతి తెలుసా?

టవర్‌క్లాక్_అనంత: ఆయనకు తెలియనక్కర్లేదు, కొలత ఇచ్చేవాడికి తెలిస్తే చాలు. నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కు (నెక్ మీది లోహపు గీత) 304.8 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి శాడిల్‌కు (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) దాదాపు అంతే. శాడిల్ స్క్రూలు ఉన్నవే మిగతాది సర్దుకోడానికి.

బురుజు_కర్నూలు: అది ముందూ వెనకా తేడాకు. నేను అడిగింది పక్కకు జరిగితే అని. సన్న తీగ ఫ్రెట్ అంచు మీద నుంచి జారిపోతుంది.

టవర్‌క్లాక్_అనంత: రెండు చివరి తీగల చోట దారం లాగి గుర్తు పెడితే జరగదు సార్.

బురుజు_కర్నూలు: చెక్క కోసేటప్పుడు దారం పట్టుకుంటుందా?

రాత్రిరాగం: 24 అంగుళాలు పిల్లల గిటారు కదా, ఇంత ఖర్చు దేనికి?

టవర్‌క్లాక్_అనంత: ఫెండర్ విద్యార్థుల కోసమే మొదలుపెట్టింది, నిజమే. కానీ నిర్వాణా రాక్ బ్యాండ్ కర్ట్ కొబేన్ వాయించింది ఈ మస్టాంగే. ఫెండర్ వాళ్లదే ఇంకో మోడల్ జాగ్వార్‌నూ మస్టాంగ్‌నూ కలిపి ఆయన కోరిన జాగ్-స్టాంగ్‌ను ఫెండరే చేసిచ్చింది. 1964లో కంపెనీ మస్టాంగ్, డుయో-సోనిక్ రెండింటికీ ఒకే ఆకారం బాడీ వాడింది, ఒకదానికి వైబ్రేటో, ఇంకోదానికి కదలని బ్రిడ్జి. కంపెనీ చేస్తే మోడల్, మనం చేస్తే పాడుచేయడమా? స్కేలు తగ్గితే అదే తీగకు, అదే శ్రుతిలో, 25.5 అంగుళాల స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) కంటే దాదాపు 11 శాతం టెన్షన్ తగ్గుతుంది. 11 గేజ్ (కాస్త లావు) తీగలు వేస్తే బిగువు వస్తుంది.

బురుజు_కర్నూలు: నీకు గిరాకీ కావాలి, అందుకే రెచ్చగొడుతున్నావ్.

టవర్‌క్లాక్_అనంత: ఈ పిల్లోడి దగ్గర నేను రూపాయి అడిగానా? మన ఊళ్లలో షాపుకు పోతే రెండు మూడు మోడళ్లు చూపిస్తారు, నచ్చకపోయినా అదే కొనాలి. మనకు కావాల్సింది మనం చేసుకుంటే మీకేం నొప్పి?

బురుజు_కర్నూలు: నొప్పే. నేను చాలా ఏళ్లు వాయించిన గిటారును ఒక శిష్యుడి చేతిలో పెట్టాను. వాడు నాకు ఒక్క మాట చెప్పకుండా బాడీ కోయించి, రంగు మార్చి, ఏడాది తిరక్కుండా అమ్మేశాడు. ఫోటోలో చూస్తే నా గిటారని నేనే గుర్తుపట్టలేదు.

రాత్రిరాగం: అయ్యో మాస్టారూ.

టవర్‌క్లాక్_అనంత: బాధ అర్థమైంది. కానీ ఇచ్చాక అది వాడిది. అడిగి కోయాలంటే అది ఇచ్చినట్టు కాదు, దాచమన్నట్టు.

బురుజు_కర్నూలు: అమ్మితే వాడిది. ప్రేమతో ఇస్తే ఇద్దరిదీ. బాబూ కడపా, ఈ గిటారు నువ్వు కొన్నావా?

దేవునికడప: లేదు సార్. మా మామ చర్చిలో వాయించేవాడు. చేతికి దెబ్బ తగిలాక నాకిచ్చాడు. మార్చే సంగతి ఇంకా చెప్పలేదు.

బురుజు_కర్నూలు: అడుగు. ఆయన సరేనంటే షిమ్ ఎంత మందం పెట్టాలో నేనే కూర్చుని చూస్తా. కర్నూలుకు తీసుకురా.

టవర్‌క్లాక్_అనంత: మామ వద్దంటే?

బురుజు_కర్నూలు: వద్దంటే వద్దే.

టవర్‌క్లాక్_అనంత: నేను ఒప్పుకోను సార్. వాయించేది పిల్లోడు. తమ్ముడూ, చెప్పు, తప్పులేదు. కానీ అనుమతి అడిగినట్టు కాకుండా, ఇలా చేయబోతున్నా మామా అని చెప్పు.

దేవునికడప: మామ ఆదివారం ఇంటికొస్తాడు. పిక్‌గార్డ్ విప్పి చూపించి మాట్లాడతా. ఈలోపు బాడీ మందం కొలిచి ఇక్కడ పెడతాను.

రాత్రిరాగం: టెంప్లేట్ దొరికితే నాకూ పంపు.