ఫ్యాటీ లివర్ అన్నారు: మన నెల్లూరు వంటింట్లో దేన్ని ఉంచుకోవాలి, దేన్ని తగ్గించాలి?

ప్రశ్న: కావలి వాసి

అందరికీ నమస్కారం. నా వయసు 46 సంవత్సరాలు. కావలిలో రొయ్యల మేత అమ్మే దుకాణంలో లెక్కలు రాస్తాను కనుక ఉదయం తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే రాత్రి ఎనిమిదికి గాని లేవను. పోయిన నెల కడుపు ఉబ్బరంగా ఉంటోందని స్కానింగ్ తీయిస్తే గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు చేరే తొలి దశ అని రాశారు. రక్తపరీక్షలో కాలేయం దెబ్బతిన్నప్పుడు పెరిగే ఎంజైములు ఎస్‌జీపీటీ 64, ఎస్‌జీఓటీ 41 వచ్చాయి. మద్యం అలవాటు లేదు, షుగరు లేదు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. డాక్టరు గారు మందులేవీ రాయలేదు. తిండి మార్చుకుని, నడక మొదలుపెట్టి, మూడు నెలల తర్వాత రమ్మన్నారు. ఆ మార్చుకోవలసిన తిండి ఏమిటో అడిగేలోపే తర్వాతి పేషెంటు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక సలహాలకు కొదవ లేదు. పరగడుపున గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె కలుపుకుని తాగితే లివర్ కడిగినట్టు అవుతుందని మా బావ గారు, వారానికి రెండు సార్లు మేక కార్జం తింటే మన కార్జం బాగుపడుతుందని మా పెద్దమ్మ, నేల ఉసిరి పసరు మించింది లేదని దుకాణం యజమాని చెబుతున్నారు. నేను రోజూ తినేది ఇది: ఉదయం నాలుగు కారం దోసెలు, మధ్యాహ్నం రెండు పళ్లేల అన్నం, పప్పు, పులుసు, పెరుగు, రాత్రి మళ్లీ అన్నమే. వీటి మధ్య ఐదు టీలు, ఒక్కో దానిలో రెండు చెంచాల చక్కెర. ఇంట్లో రోజూ దొరికే వాటిలో కాలేయానికి నిజంగా మేలు చేసేవి ఏవో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: నెల్లూరు నుంచి, పోషకాహార నిపుణురాలు

మీరు రాసినదంతా చదివి చివరి టీ లెక్క దగ్గర ఆగిపోయాను. ఐదు టీలలో పది చెంచాలు, చెంచాకు ఐదు గ్రాములు అనుకున్నా రోజుకు 50 గ్రాముల చక్కెర. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు 20 నుంచి 25 గ్రాములు దాటవద్దంటున్నాయి. చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును కండరాలు, మెదడు, ఒంట్లోని ప్రతి అవయవమూ వాడుకుంటుంది. ఫ్రక్టోజులో అధిక భాగాన్ని మాత్రం కాలేయమే సర్దుకోవాలి, అది అవసరానికి మించి వచ్చినప్పుడు కాలేయం దాన్ని కొవ్వుగా మార్చుకుంటుంది. నూనె పెద్దగా వాడని ఇళ్లలోనూ ఫ్యాటీ లివర్ కనిపించడానికి ఇదొక కారణం. బెల్లానికి, తేనెకు ఇందులో మినహాయింపు లేదు. పొదలకూరు నిమ్మకాయ నీళ్లు నిక్షేపంగా తాగండి, తేనె మాత్రం తీసేయండి. మీ బావ గారికి చెప్పవలసిన మాట ఒకటుంది: ఒంటికి పట్టని వాటిని కడిగి పంపే పని ఆ కిలోన్నర అవయవమే రాత్రింబవళ్లు చేస్తుంది, దాన్ని కడిగే పదార్థమంటూ వేరే ఏదీ లేదు.

ఇక మేలు చేసేవాటి సంగతి. కాలేయం విషయంలో బీట్‌రూట్ రసం కన్నా ఎక్కువ ఆధారాలు ఉన్నది కాఫీకి. రోజుకు రెండు మూడు కప్పులు తాగేవారిలో కాలేయం గట్టిపడటం, అది ముదిరి మచ్చబడిపోయే సిర్రోసిస్, కాలేయ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తున్నాయని పలు దేశాల పరిశీలనలు చూపాయి. అంత మాత్రాన కాఫీ తాగితే ఉన్న కొవ్వు కరిగిపోతుందని హామీ ఇవ్వలేం; నిద్ర పట్టనివారు, గుండె దడ ఉన్నవారు దీనికోసం కొత్తగా అలవాటు చేసుకోనక్కరలేదు. మీ ఐదు టీలలో రెండింటి స్థానంలో చక్కెర లేని డికాషన్ కాఫీ, కొద్దిగా పాలతో పెట్టుకుంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

సముద్రం పక్కన ఉన్న మనకు చేపల కొరత లేదు. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు చవకగా దొరికే చేపలే అయినా ఒమేగా-3 కొవ్వులు వాటిలో బాగా ఉంటాయి, వారానికి రెండు సార్లు తినవచ్చు. కాకపోతే వేపుడు కాకుండా పులుసుగా తినాలి, ఆ పులుసు మీద మన నెల్లూరు పద్ధతిలో వేలెడు మందాన నూనె తేలకూడదు. మామిడికాయ, చింతపండు, మెంతి పొడి వేసి మర్నాటికి ఉంచితే నూనె తగ్గిన సంగతి నాలుకకు తెలియదు. గుడ్డు పచ్చసొనను తీసి పారేసే అలవాటుంటే మానండి. కాలేయంలోని కొవ్వు అక్కడి నుంచి బయటికి కదలాలంటే కోలిన్ అనే పోషకం కావాలి, అది పచ్చసొనలో పుష్కలంగా ఉంటుంది. రోజుకు ఒక గుడ్డు సరిపోతుంది. తోటకూర, పొన్నగంటి, మునగాకు, గోంగూరలలో ఏది దొరికితే అది పప్పుతో కలిపి వండుకుని, పళ్లెంలో అన్నం ఆక్రమించిన సగం చోటును దానికి ఇవ్వండి. ఆ జాతీయ పోషకాహార సంస్థే రెండు వేల కేలరీలు తినేవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలని సూచించింది. మన పళ్లేలలో అందులో సగం కూడా ఉండదని, వచ్చేవారి ఆహారం రాయించుకునేటప్పుడు నాకు దాదాపు రోజూ కనిపిస్తుంది.

కార్జం తినడం తప్పు కాదు, ఇనుము, బీ12 బాగా ఉంటాయి. అయితే తిన్న కార్జం నేరుగా మన కార్జానికి చేరదు, పైగా దానిలో విటమిన్ ఏ చాలా ఎక్కువ కనుక నెలకు ఒకటి రెండు సార్లు చాలు.

వీటన్నిటికన్నా పెద్ద మందు బరువు తగ్గడమే. ఐదు శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశం ఉంటుంది. మీ లెక్కలో ఇది ఆరు నుంచి ఎనిమిది కిలోలు. వారానికి అర కిలో చొప్పున తగ్గండి. ఉపవాసాలతో ఒక్కసారిగా దించుకుంటే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ముప్పు ఉంది.

సమాధానం: ఒంగోలు నుంచి ఒక ఉపాధ్యాయుడు

మూడేళ్ల క్రితం నాది గ్రేడ్ 2, ఎస్‌జీపీటీ 88. నేను చేసిన పొరపాటు చెబితే మీకు ఆరు నెలలు కలిసొస్తుందేమో. అన్నం మానేసి కొర్రలు తింటే చాలునని ఎవరో చెబితే కనిగిరి వైపు నుంచి కొర్రబియ్యం తెప్పించుకుని, ఇది ఆరోగ్యమే కదా అన్న ధీమాతో మూడు పూటలా కడుపు నిండా తిన్నాను. నాలుగు నెలలకు బరువు రెండు కిలోలు పెరిగింది. వంద గ్రాముల కొర్రల్లో, వంద గ్రాముల బియ్యంలో కేలరీలు దాదాపు సమానమేనని ఆ తర్వాత తెలిసింది. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, అవి నిదానంగా అరుగుతాయి, తక్కువ తింటేనే ఆకలి తీరుతుంది. ఆ తక్కువ తినడం అనే మాట నేను వినిపించుకోలేదు. ఉదయం పండ్ల రసం కూడా తాగేవాణ్ణి. నాలుగు బత్తాయిలను నమిలి తినమంటే తినలేం, రసం తీస్తే రెండు గుక్కల్లో అయిపోతుంది, పీచు మాత్రం వడగట్టిన గుడ్డలోనే మిగిలిపోతుంది.

తర్వాత మార్చింది రెండే. వంటకు బియ్యం కొలిచే గ్లాసు మార్చి చిన్న గ్లాసు పెట్టించాను, రాత్రి భోజనం ఏడున్నరకు ముగించి అరగంటకు పైగా నడిచాను. రాత్రి పూట గుప్పెడంత రాగి సంగటి, ఆకుకూర పప్పు, మజ్జిగ. పది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను, ఎస్‌జీపీటీ 34కు వచ్చింది. పెళ్లి భోజనాల్లో మాత్రం ఇప్పటికీ మైసూరుపాకు ముందు ఓడిపోతుంటాను.

సమాధానం: పొదిలి నుంచి ఒక గృహిణి

నేల ఉసిరి పసరు ప్రస్తావన వచ్చింది కనుక ఇది రాస్తున్నాను. మా అత్తగారికి కళ్లు పచ్చబడితే పక్క ఊరిలో పసరు పోయించి, ఉప్పు, నూనె లేని పత్యం పెట్టి, చెరకు రసం తాగించి మూడు వారాలు ఆపాం. కామెర్లు దిగకపోగా ఒళ్లంతా దురద, చలి జ్వరం మొదలయ్యాయి. చివరికి స్కానింగ్‌లో పిత్తనాళంలో రాయి అడ్డుపడిందని తేలింది. దాన్ని తీసేంతవరకు ఏ ఆకు పసరు పోసినా కళ్ల పచ్చదనం పోయేది కాదు. మొదటిసారి చూపించిన ఆసుపత్రిలో స్కానింగ్ రాయకుండా బలం మాత్రలు ఇచ్చి పంపారన్న బాధ ఇప్పటికీ ఉంది, కానీ మూడు వారాలు ఊరుకున్నది మేమే.

అప్పుడు వైద్యం చేసిన డాక్టరమ్మ ఒక మాట చెప్పారు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఏ లాంటివి చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయట, ఆ తగ్గిన పేరు మధ్యలో పోసిన పసరుకు వెళ్లిపోతుందట. నేల ఉసిరి మీద హెపటైటిస్ బీ విషయంలో పరీక్షలు జరిగాయి గాని, దాన్ని మందుగా వాడమని చెప్పేంత ఆధారం వాటిలో తేలలేదు. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ కషాయం తాగినవారిలో కొందరి కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై వైద్యులు ప్రకటించారు. కూరలో వేసే పసుపుతో భయం లేదు. మిరియాల సారం కలిపి గోళీలుగా అమ్మే పసుపు సారంతోనూ కాలేయ సమస్యలు నమోదయ్యాయి.

మరొకటి. మన వైపు వేరుశనగ పండించే ఊళ్లూ ఉన్నాయి. తడిసి బూజు పట్టిన కాయలను ఏరి ఎండబెట్టి పచ్చడికి వాడే ఇళ్లు నాకు తెలుసు, ఒకప్పుడు మా ఇల్లు కూడా. ఆ బూజు విడిచే అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కు దారితీసే విషం, వేయించినా పూర్తిగా పోదు. రంగు మారిన, చేదెక్కిన గింజలను పారేయండి.

సమాధానం: సింగరాయకొండ నుంచి ఒక సభ్యుడు

పై సలహాలన్నీ ఫ్యాటీ లివర్ తొలి దశకు సంబంధించినవని గమనించండి. మా నాన్నగారికి సిర్రోసిస్. ఆయనకు బరువు తగ్గించడం కాదు, కండ కరగకుండా కాపాడుకోవడం ముఖ్యం. లివర్ జబ్బంటే పప్పు, గుడ్డు, చేప మానిపించాలని చుట్టాలు పట్టుబట్టారు, మేమూ కొన్నాళ్లు మానిపించాం, చేతులు పుల్లల్లా అయ్యాయి. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు పెట్టాలని, రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించాలని డాక్టరు గారు చెప్పాక కొంత తేరుకున్నారు. పొట్టలో నీరు చేరింది కనుక ఎండు చేపలు, ఊరగాయలు పూర్తిగా బంద్. ఆ ఇంట్లో ఎండు నెత్తళ్ల వాసన లేకపోవడం ఏమిటో మా అమ్మనే అడగాలి.

ప్రశ్న అడిగినవారు: కావలి వాసి

అందరికీ ధన్యవాదాలు. గ్లాసు మార్చే సలహా మా ఇంటావిడకు వెంటనే నచ్చింది, టీలో చక్కెర మాత్రం ఈ వారానికి ఒక చెంచాకు దించాను. నిపుణురాలు గారికి రెండు ప్రశ్నలు. నా ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు ఉన్నాయి. కాలేయం గట్టిపడిందో లేదో తెలియడానికి ఇప్పుడే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలా? ఎండాకాలంలో ఉదయం దోసెల బదులు సద్దన్నం తినవచ్చా?

సమాధానం: నెల్లూరు నుంచి, పోషకాహార నిపుణురాలు

కాలేయం గట్టిపడి ఉండే అవకాశాన్ని అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్క ఒకటుంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, వచ్చినదాన్ని వేలల్లో రాసిన ప్లేట్‌లెట్ల సంఖ్యతోను, ఎస్‌జీపీటీ వర్గమూలంతోను భాగించాలి. మీకు 46ను 41తో గుణిస్తే 1886, 240ని 64 వర్గమూలమైన 8తో గుణిస్తే 1920, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 0.98. ఇది 1.3 కన్నా తక్కువ ఉంటే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువని భావిస్తారు. ఫైబ్రోస్కాన్‌కు తొందరపడనక్కరలేదనే అనుకుంటున్నాను, అయినా మూడు నెలల తర్వాత వెళ్లినప్పుడు ఈ అంకె డాక్టరు గారికి చూపించండి. హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ఇంతవరకు చేయించుకోకపోతే అప్పుడే చేయించుకోండి, ఎందుకంటే ఎస్‌జీపీటీ పెరగడానికి కొవ్వు ఒక్కటే కారణం కానక్కరలేదు.

సద్దన్నం తినవచ్చు. వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం త్వరగా అరగని రూపానికి మారుతుంది, కాకపోతే ఆ తేడా చిన్నది, దాన్ని నమ్ముకుని గిన్నె నింపుకోకూడదు. చిన్న గ్లాసు బియ్యంతో వండిన అన్నంలోనుంచే కొంత తీసి నానబెట్టి, మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినండి, పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. నంజుకోవడానికి మామిడికాయ ఊరగాయ చిటికెడు చాలు. నాలుగు దోసెలు ఎక్కడికీ పోవు, ఆదివారానికి రెండు ఉంచుకోండి, కారం మీద నెయ్యి వేయవద్దని మాత్రం ఇంటావిడ గారికి ముందే చెప్పి పెట్టండి.