దానంతట అదే మొలిచిన అడవి చెర్రీ మొక్కను తవ్వి వేరే చోట నాటితే బతుకుతుందా?

ప్రశ్న: పెరటి కొత్తవాడు, న్యూజెర్సీ

నమస్కారం. మేము ఎడిసన్‌కు దగ్గరలో ఉంటున్నాము. ఇంటి వెనక గోడకు నాలుగడుగుల దూరంలో మూడేళ్ళ క్రితం ఒక మొక్క దానంతట అదే మొలిచింది. ఏదో పిట్ట పండు తిని వేసిన గింజే అయివుంటుంది. ఇప్పుడది దాదాపు ఏడడుగులు పెరిగింది, నేలకు దగ్గరగా కాండం అంగుళం లావు ఉంటుంది. అది అడవి చెర్రీ అనీ, ఇక్కడ బ్లాక్ చెర్రీ అంటారనీ పక్కింటాయన చెప్పారు. ఏప్రిల్ నెలాఖరులో డెక్ కట్టడానికి పనివాళ్ళు వస్తున్నారు కనుక దానిని అక్కడ ఉంచే వీలు లేదు. కొట్టివేయడానికి మాత్రం మనసొప్పడం లేదు. కిందటి వేసవిలో తెనాలి నుంచి వచ్చినప్పుడు మా అమ్మ దానికి పాదు చేసి రోజూ నీళ్ళు పోసింది, ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా దాని సంగతే అడుగుతుంది.

పెరటి చివర ఎండ బాగా తగిలే చోటు ఉంది. నేల ఎర్రటి బంకమట్టి. ఇది మార్చి మొదటి వారం, మొగ్గలు ఇంకా విచ్చుకోలేదు. ఎంత మేర తవ్వాలో, ఎరువు వేయాలో లేదో, కొమ్మలు కత్తిరించాలో వద్దో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పలుగూ పారా, పెన్సిల్వేనియా

ముందుగా అది చెర్రీయేనని తేల్చుకోండి. లేత కొమ్మ బెరడును గోరుతో గీకి వాసన చూడండి; చేదు బాదం వాసన వస్తే అనుమానం అక్కరలేదు. కాండం నున్నగా, ముదురు ఎరుపులో ఉండి, దాని మీద అడ్డంగా చిన్న చిన్న లేతరంగు గీతలు కనిపించాలి.

సమయం విషయంలో మీరు అదృష్టవంతులు. చలికి గడ్డకట్టిన నేల కరిగి, మొగ్గ ఇంకా పగలని ఈ మూడు నాలుగు వారాలే తవ్వడానికి తగిన కాలం. ఈ చెట్టు ఇక్కడి అడవి చెట్లలో చాలావాటికన్నా ముందే చిగురుస్తుంది కాబట్టి ఏప్రిల్ దాకా ఆగకండి. తవ్వే ముందు 811కు ఫోను చేయండి, అది నేలలో పోయే గొట్టాలు, తీగల జాడ చూపించే సేవ. కనీసం మూడు పనిదినాల ముందు చెబితే వాళ్ళు డబ్బు తీసుకోకుండా వచ్చి, గ్యాసు గొట్టం పోయే దారిని పసుపురంగుతోనూ, కరెంటు తీగ దారిని ఎరుపురంగుతోనూ నేల మీద గుర్తు పెట్టి వెళతారు. మీ మొక్క ఇంటి గోడకు అంత దగ్గరగా ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక తవ్వకం. కాండం అంగుళం లావుంటే దాని చుట్టూ పన్నెండు అంగుళాల అడ్డకొలత గల మట్టిముద్ద వేర్లతో సహా లేవాలన్నది ఇక్కడి నర్సరీవాళ్ళ లెక్క. నేనైతే ఇంకో రెండు మూడు అంగుళాలు ఎక్కువే ఉంచుకుంటాను, ఎందుకంటే అడవిలో మొలిచిన మొక్క వేర్లు నర్సరీ మొక్క వేర్లలా దగ్గరగా గుబురుకట్టి ఉండవు, దూరంగా పాకిపోయి ఉంటాయి. నిజానికి కిందటి శరదృతువులోనే చుట్టూ పారతో ఒక కోత వేసి ఉంటే ఆ ముద్ద లోపలే కొత్త పీచువేర్లు పుట్టేవి. ఆ అవకాశం ఎలాగూ దాటిపోయింది. వేర్లను పారతో చితక్కొట్టకుండా, లావువాటిని రంపంతో నున్నగా కోయండి. ముద్ద కిందికి గోనెపట్టా దూర్చి, దానిని పట్టుకొనే ఎత్తండి. కాండం పట్టుకొని లాగితే తడిమట్టి జారిపోయి వేర్లు తెగుతాయి. ఆ ముద్ద ముప్పై కిలోలకు తక్కువ ఉండదు, తోడుగా ఇంకొకరిని పిలుచుకోండి.

కొత్త గొయ్యి ముద్దకన్నా రెండు మూడింతలు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తును మించకూడదు. బంకమట్టిలో పార తగిలిన గోడలు కుండలా నున్నబడతాయి, వేరు వాటిని దాటలేక లోపలే చుట్టుకుంటుంది. అందుకని గోడలను పలుగుతో గీకి గరుకు చేయండి. ముందురోజే గొయ్యి నిండా నీళ్ళు పోసి చూడండి. తెల్లవారేసరికి ఇంకకపోతే ముద్దను నేలమట్టానికి రెండు మూడు అంగుళాలు పైకి ఉండేలా కూర్చోబెట్టాలి. కాండం విచ్చుకొని వేర్లుగా మారే చోటు పైకి కనిపించాలి. తవ్విన మట్టినే తిరిగి నింపండి, ఈ ఏడాది ఎరువు అక్కరలేదు. విరిగిన కొమ్మలను తప్ప వేటినీ కత్తిరించకండి. పోయిన వేర్లకు సరిపడా పైకొమ్మలు కొట్టివేయాలని పాతవాళ్ళు అనేవారు కానీ, కొత్త వేర్లకు కావలసిన తిండి ఆకులే వండాలి.

జవాబు: చెరువుగట్టు, నార్త్ కరోలినా

పైన చెప్పిన వారితో నాకు పేచీ లేదు కానీ, నా మొక్క నాటడంలో చావలేదు, నాటిన తరువాత నా ప్రేమ వల్ల చచ్చిపోయింది. వీధిలో అందరినీ చూసి నేనూ కాండం చుట్టూ చెక్కపొట్టు పుట్టలా పోశాను, పైగా రోజూ పైపు పెట్టి నేల చిత్తడి అయ్యేదాకా తడిపాను. రెండో ఏడు ఆ పొట్టు తొలగించి చూస్తే కాండం మొదట్లో బెరడు మెత్తబడి, వేలితో నొక్కితే ఊడివచ్చింది. పొట్టు వేయండి, కానీ మూడు అంగుళాల మందానికి మించకుండా, కాండానికి జానెడు ఎడంగా వేయండి. చెర్రీ వేర్లు నీటిలో నానడాన్ని ఓర్చుకోలేవు. మొదటి రెండు వారాలు రోజుకు ఒకటి ఒకటిన్నర గ్యాలన్లు, ఆ తరువాత మూడు నెలల దాకా రెండు మూడు రోజులకొకసారి, ఆపైన వారానికొకసారి పోస్తే చాలు. వాన పడితే అదీ వద్దు.

జింకల సంగతి కూడా చూసుకోండి. శరదృతువులో మగ జింకలు ఇలాంటి సన్నటి కాండాలకే కొమ్ములు రాసి బెరడు ఒలిచివేస్తాయి. ఐదడుగుల తీగవల ఒకటి చుట్టూ నిలబెడితే సరిపోతుంది.

జవాబు: పలుగూ పారా, పెన్సిల్వేనియా

నేను మరిచిపోయిన మాట ఒకటి. విరిగిన కొమ్మలను, రాలిన ఆకులను పశువులకు అందేచోట పడవేయకండి. ఈ చెట్టు ఆకు వాడిపోయినప్పుడు సయనైడ్ విషం పుడుతుంది. మా పక్క పొలంలో మేకలు ఉన్నాయి కాబట్టి ఈ విషయంలో నాకు భయం ఎక్కువ. వసంతంలో కొమ్మల పంగల్లో తెల్లటి సాలెగూడులాంటిది కనిపిస్తే అది గొంగళిపురుగుల గూడు. సాయంత్రం అవి లోపల ఉన్నప్పుడు పుల్లకు చుట్టి తీసివేయండి, మందులు కొట్టే పని లేదు.

ప్రశ్న అడిగినవారు: పెరటి కొత్తవాడు, న్యూజెర్సీ

మార్చి చివరి ఆదివారం పని పూర్తి చేశాము. మే నెలలో ఆకులు వచ్చాయి కానీ మామూలుకన్నా చిన్నవి. ఇప్పుడు, జూన్ చివరి ఎండలకు, పైకొమ్మ ఆకులు కొసల నుంచి మాడి రాలుతున్నాయి. భయపడి వారం రోజులుగా రోజూ నీళ్ళు పోస్తున్నాను. చచ్చిపోతున్నదా?

జవాబు: పలుగూ పారా, పెన్సిల్వేనియా

నీళ్ళు పోసే ముందు వేలు మట్టిలోకి రెండు కణుపుల లోతు దించి చూడండి, తడి తగిలితే ఆ రోజుకు మానండి. చిన్న ఆకులు రావడం మామూలే. వేర్లలో సగానికి పైగా పాతచోటనే వదిలి వచ్చింది మరి. పైకొమ్మను గోరుతో కొంచెం కొంచెంగా కిందికి గీకుతూ రండి, లోపల పచ్చదనం మొదలైన చోటికి కోసివేయండి. ఒకవేళ పైభాగమంతా ఎండినా తవ్వి పారేయకండి. నర్సరీ చెర్రీలు అంటుకట్టినవి కాబట్టి కాండం మొదట్లో లేచిన పిలక వేరే జాతిది అవుతుంది, మీది గింజ మొక్క కనుక ఏ పిలక లేచినా అదే చెట్టు. వాటిలో బలమైన ఒకదానిని ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు: పెరటి కొత్తవాడు, న్యూజెర్సీ

ఈ ఉదయం గీకి చూశాను. పైనుంచి రెండడుగుల దాకా లోపల గోధుమరంగే ఉంది, ఆ కింద పచ్చగా ఉంది, మీరు చెప్పిన చేదు బాదం వాసన కూడా వచ్చింది. ఎండిన మేరకు కోసివేశాను. మట్టి వేలికి అంటుకునేంత తడిగా ఉంది కాబట్టి నీళ్ళు ఆపాను. నేలకు జానెడు ఎత్తులో రాగిరంగు చిగురు ఒకటి పొడుచుకొచ్చింది. దాని ఫోటో తీసి అమ్మకు పంపితే, చిగురు సంగతి వదిలిపెట్టి, పాదు మరీ చిన్నదిగా చేశావని చీవాట్లు పెట్టింది.