ఫిలమెంట్‌లో వాయువు హబ్ వైపే వెళ్తోందని ఎలా చెప్పగలం?

ప్రశ్న

హెర్షెల్ టెలిస్కోప్ తీసిన ధూళి మేఘాల బొమ్మలు చూసినప్పటి నుంచి వాటిలోని ఫిలమెంట్ల మీద, అంటే సన్నటి వాయువు పోగుల మీద, మనసు పోయింది. పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని, అందరికీ ఇచ్చే ఆర్కైవ్ డేటా దింపుకుని చూస్తుంటాను. ఈమధ్య నాలుగు పోగులు వచ్చి ఒకచోట, అంటే హబ్‌లో, కలిసే మేఘం ఒకటి పట్టుకున్నాను. ఒక పోగు వెంట ఎన్2హెచ్ ప్లస్ అనే అణువు రేడియో రేఖతో వేగం కొలిస్తే, హబ్‌కి దగ్గరయ్యేకొద్దీ ఎరుపు వైపు జరుగుతోంది. పార్సెక్‌కి (సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) దాదాపు 1 కి.మీ./సె. తేడా. 93.17 గిగాహెర్ట్జ్ దగ్గర అది 0.31 మెగాహెర్ట్జ్ మాత్రమే. అంత చిన్న జరుగుడు నా స్క్రీన్ మీద కనిపించేసరికి సంబరపడిపోయాను.

తర్వాత అనుమానం మొదలైంది. రేఖ ఇలా జరగడం (డాప్లర్) చెప్పేది మనవైపు వస్తోందా (నీలం), మననుంచి పోతోందా (ఎరుపు) అన్నదొక్కటే. పోగు బయటి కొస మనవైపు వాలి ఉంటే నా అంకెకి అర్థం వాయువు హబ్‌లోకి పోతోందని. అటువైపు వాలి ఉంటే అదే అంకెకి హబ్ నుంచి బయటికి వస్తోందని అర్థం. మరి పేపర్లలో అంత ధీమాగా "లోపలికి ప్రవాహం" అని ఎలా రాస్తారు?

జవాబు 1

చాలామంది దాటేసే చోట ఆగారు, మంచిది. ఒక్క పోగుతో ఇది తేలదు. ఎన్ని రాత్రులు కూర్చున్నా తేలదు.

ముందు మిగతా మూడు పోగుల వేగాలూ గీయండి. కొన్ని హబ్ కన్నా ఎరుపుగా, కొన్ని నీలంగా ఉండి, అన్నీ హబ్ దగ్గర ఒకే వేగానికి చేరుతున్నాయా చూడండి. తర్వాత మార్పు ఎక్కడ ఎక్కువో చూడండి. గురుత్వం లాగుతుంటే దూరంలో మెల్లగా, దగ్గరికొచ్చేకొద్దీ నిటారుగా పెరగాలి. ఒరాయన్‌లోని ఓఎంసీ-1 మేఘం దగ్గర 2017లో హకార్ బృందం చూపించింది ఇలాంటిదే. వేగం దూరాన్నిబట్టి గ్రాఫ్‌లో వి ఆకారంలో ముడుచుకుంటుంది. బయటికి తోసేది నక్షత్రమైతే వాయువు వేడెక్కి రేఖలు వెడల్పవ్వాలి. చల్లగా, సన్నటి రేఖలతో ఉన్న వాయువుని నక్షత్రం తోసిందంటే నేను నమ్మను.

అసలు సాక్ష్యం మాత్రం హెచ్‌సీఓ ప్లస్ అనే మరో అణువు. దాని రేఖ వెలుగు వాయువుని దాటి సులభంగా బయటికి రాలేదు, లోపలి వెలుగుని బయటి పొర మింగేస్తుంది. మేఘం కుంగుతుంటే మనకి దగ్గరి సగం మననుంచి దూరంగా, అంటే కేంద్రం వైపు, పోతుంటుంది. చల్లటి ఆ పొర ఎరుపు భాగాన్ని మింగుతుంది. అందుకే రెండు శిఖరాలు కనిపించి, నీలం వైపుది పొడుగ్గా ఉంటుంది. ఎన్2హెచ్ ప్లస్ రేఖ చీలి ఏడు ఉపరేఖలుగా ఉంటుంది కదా, వాటిలో విడిగా నిలబడే ఒక్కదాన్ని తీసుకోండి. దాని శిఖరం సరిగ్గా ఆ రెండిటి మధ్య పల్లంలో పడితే, అవి వేర్వేరు మేఘాలు కాదని తేలిపోతుంది. ఇక్కడ వాలు గొడవ లేదు, ఏ వైపు నుంచి చూసినా కుంగుడు కుంగుడే. 2013లో పెరెట్టో బృందం ఆల్మా, మోప్రా రేడియో టెలిస్కోపులతో ఎస్‌డీసీ335 మేఘంలో చేసింది పోగుల వేగాలూ, ఈ రేఖ ఆకారమూ కలిపి చూడడమే. మేఘం మొత్తం దాదాపు 5,500 సూర్యుళ్ల ద్రవ్యరాశి, నడిమి కోర్ ఒక్కదానిలోనే 500 పైన.

ప్రశ్న అడిగినవారు

మిగతా పోగులు ఈ రాత్రే గీస్తాను. ఒకటి చెప్పండి: ఈ ప్రవాహం పెద్ద నక్షత్రానికి సరిపోతుందా? నా పోగులో సుమారు 100 సూర్యుళ్ల వాయువు ఉంది.

జవాబు 2

లెక్క తేలికే. 1 కి.మీ./సె. వేగంతో వాయువు 10 లక్షల ఏళ్లలో దాదాపు 1 పార్సెక్ పోతుంది. కాబట్టి మీ పోగు ద్రవ్యరాశిని ఆ వేగమార్పుతో గుణిస్తే చాలు: వాలు 45 డిగ్రీలనుకుంటే 10 లక్షల ఏళ్లకి 100 సూర్యుళ్లు. 20 సూర్యుళ్లంత నక్షత్రం రెండు లక్షల ఏళ్లలో తయారవ్వాలంటే కావలసిన వేగమూ ఇదే. కాకపోతే హబ్‌లో చేరిందంతా ఒకే నక్షత్రానికి దక్కదు, పక్కనే ఒక గుంపు పుడుతుంటుంది. అందుకే ఒక పోగు చాలదు, నాలుగు కలిసే చోటే పెద్దవి పుడతాయని నా ఉద్దేశం.

తొందర ఎందుకంటే, పెద్ద నక్షత్రం పూర్తిగా పెరగకముందే హైడ్రోజన్ మండించడం మొదలుపెడుతుంది. దాని కాంతి ధూళిని వెనక్కి నెడుతుంది. వాయువు బిళ్లలా చుట్టూ తిరుగుతూ మధ్యరేఖ దగ్గర లోపలికి దిగి, కాంతి ధ్రువాల వైపు తప్పించుకుంటేనే పెరుగుదల ఆగదు.

జవాబు 3

ఒక జాగ్రత్త. పోగు కనిపిస్తే నక్షత్రం ఖాయమని కాదు. పొలారిస్ మేఘంలోనూ హెర్షెల్‌కి పోగులు కనిపించాయి, నక్షత్రాలు మాత్రం పుట్టడం లేదు. 10 కెల్విన్ దగ్గర పార్సెక్ పొడవుకి సుమారు 16 సూర్యుళ్లు దాటితేనే పోగు తన బరువుకి తాను కుంగుతుంది. మీ పోగు పొడవెంత?

ప్రశ్న అడిగినవారు

2 పార్సెక్‌లు. అంటే పార్సెక్‌కి 50, దాటేసింది.

నాలుగూ గీశాను. రెండు ఎరుపు, ఒకటి నీలం. నాలుగోది దాదాపు అడ్డంగా పడుకుని ఉన్నట్టుంది, వేగంలో మార్పే లేదు. హబ్ దగ్గర హెచ్‌సీఓ ప్లస్‌లో నీలం శిఖరం ఎరుపుదానికి రెట్టింపు ఉంది. విడి ఉపరేఖ వెళ్లి సరిగ్గా పల్లంలో కూర్చుంది. ఆ నాలుగో పోగు మధ్యలో కూడా హెచ్‌సీఓ ప్లస్ రేఖ ఇలాగే చీలిందో లేదో రేపు చూడాలి.